మడమ రాయి

మా అయ్యవారు అరుగు మీద కూర్చున్నంతసేపూ ఏ ప్రశ్నకీ జవాబు చెప్పేవారు కాదు. పాఠం చెప్పేవారు, తప్పు దిద్దేవారు, ఆకలేస్తే లోపలికెళ్ళి అంబలి తాగమనేవారు. ప్రశ్న అడిగితే మాత్రం తువ్వాలు భుజాన వేసుకుని లేచి, "ఏటికి పోదాం పద" అనేవారు. పాఠశాల పెరటి తలుపు తీస్తే వంశధార. నీళ్ళలో దిగేసరికి సగం ప్రశ్నలు అడిగినవాడికే గుర్తుండేవి కావు. మిగిలినవాటికే ఆయన నోరు విప్పేవారు. ఇదంతా తప్పించుకునే ఉపాయమని మేం చాటున నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు ఎవరైనా నన్ను ఏదైనా అడిగితే నాకూ తువ్వాలు తీసుకుని లేవాలనిపిస్తుంది. లేచి ఎక్కడికి పోను? ఈ ఊళ్ళో కుళాయి తప్ప ఏరు లేదు.

ఆయన పేరు కూర్మనాథం గారు. తర్కం పూర్తిగా చదివినవారు, తర్కం మీద పెద్దగా మోజు లేనివారు. ఆ మోజంతా మాతోపాటు చదువుకునే వైకుంఠరావుకి ఉండేది. అబ్బో, ఏం మాటకారి! వాడు నోరు తెరిస్తే వంటింట్లో గంటె తిప్పే చెయ్యి కూడా ఆగిపోయేది. మంచివాడు కూడాను. నా బట్టలు ఎన్నిసార్లు ఉతికిపెట్టాడో, అది వేరే కథ.

ఆ ఏడు వేసవిలో పక్క ఊరి అమ్మవారి సంబరానికి పిలిచి వాణ్ణి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. వాడు పందిట్లో నిలబడి ఒక అరటిపండు పైకెత్తాడు. "చూడండి! గుప్పిట్లో ఇమిడేటట్టు వంపు. వలుచుకోవడానికి వీలుగా తొడిమ. పండిందో లేదో చెప్పడానికి రంగు. పళ్ళు ఊడిన ముసలమ్మ కూడా తినగలిగేంత మెత్తన. ఇంత పొందిక దానంతటదే వస్తుందా? ఆ దేవుడు చేసిన ప్రతిదీ ఆలోచించి చేసింది, కావాలని చేసింది!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. వెనక నించి ఎవరో, "మరి పనసకాయ ఏటి బాబూ? అదీ మన కోసరమేనా? ఒళ్ళంతా ముళ్ళు, సేతులనిండా జిగురు!" అని అరిచారు. పందిరంతా గొల్లుమంది. వైకుంఠరావు తొణకలేదు. "అది మన ఓపికకి పరీక్ష" అన్నాడు. మళ్ళీ చప్పట్లు. పొందికగా ఉంటే ప్రేమ, పొందిక లేకపోతే పరీక్ష. అలా మాట్లాడేవాణ్ణి ఎవరు ఓడించగలరు చెప్పండి!

ఆ పందిట్లోనే ముందు వరసలో అసిరమ్మ గారు కూర్చుని ఉంది. వైకుంఠరావు తోడబుట్టిన అప్ప దమయంతికి ఆవిడ అత్తగారు. దమయంతి కూతురు పైడమ్మకి అప్పుడు నాలుగేళ్ళు దాటాయి. ఆ పిల్లకి పుట్టుకతోనే కుడిపాదం లోపలికి తిరిగి ఉంది. అరికాలు నేలకి ఆనేది కాదు, పాదం అంచు మీద నడిచేది. విశాఖలో డాక్టరు చూసి, ఎముక లేతగా ఉన్నప్పుడే కోసి పట్టీ వేస్తే తిన్నగా అవుతుందనీ, వానలు పడేలోగా తీసుకురమ్మనీ చెప్పాడు. ఆలస్యమైతే తన చేతుల్లో ఉండదన్నాడు. పిల్ల తండ్రి కలకత్తా వైపు పనికి పోయి ఉన్నాడు. ఇంట్లో అసిరమ్మ గారి మాటే మాట. ఆవిడే ప్రయాణానికి సరేనంది కూడా.

సంబరం అయిన మర్నాడు దమయంతి ఏడుస్తూ పాఠశాలకి వచ్చింది. వెనకే మనవరాల్ని చంకనేసుకుని అసిరమ్మ గారు.

"ఒరే తమ్ముడూ, అత్త ఆసుపత్రికి వద్దంతంది. నీ మాటే సెప్తంది నాకు" అంది దమయంతి.

"నానేటన్నాను? నువ్వే కదా సెప్పినావు వైకుంఠం, ఆయన సేసిందంతా కావాలనే సేసినాడని! అరటిపండుకే అంత ఆలోసించినోడు నా పిల్లగుంట కాలికి ఆలోసించకుండా వంపెట్టీసినాడేటి? ఆయన సేసిన కాలు కోసీసి, ఆయనకి కోపం తెప్పించమంతావా? ఉన్న ఒక్క గుంటనీ తీసుకుపోతేనో?" అంది అసిరమ్మ గారు. ఆవిడ గొంతులో పంతం లేదు. ఆ పిల్లని గట్టిగా అదుముకుని వణికిపోతోంది. ఆవిణ్ణి తప్పుపట్టడానికి నాకు ఇప్పటికీ మనసొప్పదు.

వైకుంఠరావు మొహం పాలిపోయింది. అయినా తర్కం చదివినవాడు కదా, అంత తేలిగ్గా వదులుతాడా! గబగబా లోపలికెళ్ళి, గూట్లోంచి తన మడమ రాయి తెచ్చాడు. మాకందరికీ ఒక్కో రాయి ఉండేది, ఏట్లో దొరికే గరుకు రాయి, స్నానం వేళ మడమలు రుద్దుకోవడానికి. వాడిది చూడముచ్చటైనది. పైన చేతికి గుండ్రంగా, కింద మడమ సరిగ్గా కూర్చునేంత పల్లంతో ఉండేది.

"అయ్యవారూ, కాలి సంగతి వేరు. అది నాకు తెలియదు. కానీ నేను చెప్పినదాంట్లో తప్పుందా? ఈ రాయి చూడండి. ఒక పక్క నా చెయ్యి, ఒక పక్క నా మడమ. ఇది నా కోసం ఎవరూ చెయ్యకుండానే ఇలా ఉందా?" అని అడిగాడు.

అయ్యవారు తువ్వాలు భుజాన వేసుకున్నారు. "ఏటికి పోదాం పదండి" అన్నారు. ఈసారి ఆడవాళ్ళని కూడా రమ్మన్నారు.

వేసవి ఏరు. నీళ్ళు పిక్కల దాకా, ఒడ్డు పొడుగూతా రాళ్ళు. తడి రాళ్ళ వాసనా, అవతలి గట్టు మీద జీడిమామిడి పండిన వాసనా కలిసి వచ్చేవి. అసిరమ్మ గారు పిల్లని రాళ్ళ మధ్య దింపింది. అది తన పనిలో పడిపోయింది. అయ్యవారు వైకుంఠరావు చేతిలోని రాయి తీసుకుని నీళ్ళలో పడేశారు.

"కళ్ళు మూసుకుని ఒకటి తియ్యి" అన్నారు.

వాడు వంగి తీశాడు. పలకలాంటిది వచ్చింది. మడమకి పెట్టాడు, నిలవలేదు. ఇంకోటి తియ్యమన్నారు. అది మొనదేలి ఉంది, గుచ్చుకుని వాడు "అమ్మా" అన్నాడు. మరొకటి రెండు చేతులకీ లేవలేదు. నేను నవ్వాను, అయ్యవారు నవ్వలేదు. వాడు చెమటలు కక్కుతూ తీస్తూనే ఉన్నాడు, ఏదీ పట్టలేదు.

"ఇవి ఎవరి మడమకి చేసినవి?" అని అడిగారు.

"ఎవరికీ కాదు."

"మొదటిది నీకెలా వచ్చింది?"

వైకుంఠరావు కళ్ళు తెరిచాడు. "పాఠశాలకి వచ్చిన కొత్తలో ఒక పూటంతా తిరిగి ఏరుకున్నాను" అన్నాడు, చివరికి వచ్చేసరికి గొంతు తగ్గిపోయింది.

"ఏరు అరగదీసింది. నువ్వు ఏరుకున్నావు" అని అయ్యవారు ఊరుకున్నారు. ఆయనకి మాటలతో ఆడుకోవడం అలవాటు లేదు. మన భాషే ఆ రెండింటికీ ఒక్క మాట పెట్టింది, ఆయనేం చేస్తారు!

అక్కడితో అయిపోయి ఉండేదే. కానీ అప్పుడే పైడమ్మ కేక వేసింది. "మామ్మా! నా రాయి! నాకు పట్టీసినాది!"

అందరం వెళ్ళి చూశాం. పిల్ల ఒక రాయి మీద తన కుడిపాదం పెట్టి కూర్చుని ఉంది. ఆ రాయి ఒక పక్కకి వాలి ఉంది. తిరిగిపోయిన ఆ చిన్న పాదం అందులో అచ్చుపోసినట్టు ఇమిడింది. నిజం చెబుతున్నాను, నాకు ఒళ్ళు జలదరించింది.

అసిరమ్మ గారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేసింది. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి. "సూసినావా బాబూ! నా గుంట కాలికీ ఒక రాయి సేసి ఎట్టినాడు తండ్రి! ఈ కాలు ఇలగుండాలనే సేసినాడు. ఇంక దీన్ని ఎవులూ ముట్టుకోవద్దు!"

దమయంతి అక్కడే కూలబడింది. నేను అయ్యవారి వైపు చూశాను. ఆయన వైకుంఠరావు వైపు చూస్తున్నారు. వాడు నోటితో ఏమీ అనక్కర్లేదు, తలూపితే చాలు. వాడి వాదానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఈ భూమ్మీద దొరకదు. అప్ప మాత్రం వాడి మొహంలోకే చూస్తోంది.

వాడు పిల్ల పక్కన చతికిలబడి, "ఇది ఎక్కడ దొరికిందే, పైడీ?" అని అడిగాడు.

పిల్ల వేలు పెట్టి చూపించింది. దాని వెనక రాళ్ళ కుప్ప ఉంది. మేం మాటల్లో ఉన్నంతసేపూ అది ఒక్కొక్కటే కాలికి పెట్టి చూసుకుని పక్కన పడేసినట్టుంది. "అయ్యన్నీ బాగునేవు మావా" అంది.

వైకుంఠరావు ఆ కుప్ప కేసి చూశాడు. తర్వాత దోసిలినిండా ఆ రాళ్ళు తీసి అసిరమ్మ గారి ముందు పెట్టాడు. "అత్తా, ఇవీ ఉన్నాయి. పందిట్లో నేను వీటి సంగతి చెప్పలేదు. చేతికి పట్టినదాన్నే ఎత్తి చూపించాను. నా మాట పట్టుకుని పిల్ల కాలు పాడుచెయ్యకు, నీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాడు. వాడి నోట అంత బొంగురు మాట నేను ముందెప్పుడూ వినలేదు.

ఆవిడ రాళ్ళూ చూసింది, పిల్లనీ చూసింది. "మీ మాటలు నాకేటి తెలుస్తాయి బాబూ. నాకు భయం. ఆయన సేసినదాన్ని మనం దిద్దితే ఊరుకుంతాడా?" అని ఈసారి అయ్యవారినే అడిగింది.

ఆయన ఆవిడ కాళ్ళ వైపు చూశారు. ఎండలో పొలం గట్ల మీద తిరిగి తిరిగి ఆవిడ మడమలు లోతుగా పగిలి ఉన్నాయి.

"ఆ కాళ్ళు ఎవరిచ్చారమ్మా?"

"ఆయనే."

"మరి ఆ పగుళ్ళని రోజూ రాయి పెట్టి రుద్దుతావు కదా. ఎప్పుడైనా ఆయన్ని అడిగి రుద్దావా?"

అసిరమ్మ గారు వంగి తన కాళ్ళు తానే చూసుకుంది. పిల్లని ఎత్తుకుంది, దాని కాలికి పట్టిన రాయిని తన కొంగున కట్టుకుంది. కోడలి వైపు తిరిగి, "లేగు. విశాఖ బస్సు ఎన్నింటికో కనుక్కో. ఏడుపాపి బేగి లేగు!" అని కసిరింది. అంత తియ్యని కసురు నా చెవిన మళ్ళీ పడలేదు.

వానలకి ముందే వెళ్ళారు. ఆ వానాకాలమంతా పైడమ్మ కట్టుతోనే ఉంది. అసిరమ్మ గారు ఆసుపత్రి వరండా వదల్లేదట. కనిపించిన నర్సుకల్లా తన మడమలు చూపించి అయ్యవారి మాట చెప్పేదట. వైకుంఠరావు మళ్ళీ ఏ సభలోనూ అరటిపండు ఎత్తలేదు. తింటూ కనిపిస్తే, "గుప్పిటకి సరిపోయిందా?" అని మేం ఏడిపించేవాళ్ళం. వాడు తొక్క మా మీద విసిరేవాడు. ఎంత బావుండేవి ఆ రోజులు! వాడూ లేడు, అయ్యవారూ లేరు. ఆ ఒడ్డున రాళ్ళున్నాయో లేదో చూసిరావడానికి నాకు ధైర్యం చాలదు.

ఆ వానాకాలం పోయి మళ్ళీ వేసవి వచ్చేసరికి అసిరమ్మ గారు వాళ్ళు పాఠశాలకి వచ్చారు. పెరటి తలుపులోంచి పైడమ్మ తనంతట తానే నడిచి వచ్చింది. కొంచెం కుంటు ఉంది. కానీ రెండు అరికాళ్ళూ నేలకి ఆనుతున్నాయి. వెనకే అసిరమ్మ గారు కొంగు ముడి విప్పి, ఆ రాయి తీసింది. దానికి పసుపు రాసి బొట్టు పెట్టి ఉంది! ఏడాదిగా దేవుడి గూట్లో ఉంచిందట. అందరం ఏటికి వెళ్ళాం. పిల్ల ఆ రాయిని కడిగి, ఒడ్డున కూర్చుని, ఎంతో ఇష్టంగా కుడిపాదం దాని మీద పెట్టింది. జారిపోయింది. రాయిని ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఎలా పెట్టినా పాదం ఆగలేదు. మొహం చిన్నబుచ్చుకుని మామ్మ కేసి చూసింది.

"ఇదేటి బాబూ! దీని కాలి కోసరమే సేసిన రాయి కదా, ఇప్పుడు పట్టదేటి?" అంది అసిరమ్మ గారు. నా పక్కన వైకుంఠరావు కళ్ళు తుడుచుకుంటున్నాడు.

అయ్యవారు నీళ్ళలో నిలబడి గట్టిగా నవ్వేశారు. "పట్టకపోతే పోనీవమ్మా. ఇంకోటి ఏరుకోమను" అన్నారు.