కాళ్లు తడవని గోడ

ఒకప్పుడు చీమా లేదు, చేపా లేదు, గడ్డిపరకా లేదు. ఉన్నదంతా సముద్రమే. ఆ సముద్రం మీద కొవ్వులోళ్లు కాపురముండేవాళ్లు.

వాళ్లలో ఒక్కొక్కరికి ఒక గుండ్రటి తల, రెండు పొడుగాటి కాళ్లు. చేతుల్లేవు. తలకి నీళ్లంటే ప్రాణం. కాళ్లకి నీళ్లంటే హడలు. అందుకని అందరూ తల నీళ్లలో ముంచి, కాళ్లు గాల్లోకెత్తి తలకిందులుగా నిలబడేవాళ్లు.

జిడ్డప్ప కూడా కొవ్వులోడే. వట్టి తడబాటు మనిషి. "నా తల ఒకటి కోరితే కాళ్లు ఇంకోటి కోరతాయి. ఇద్దరికీ సర్దిచెప్పలేక నేను చస్తున్నా!" అని తన మీద తనే నవ్వుకునేవాడు.

కొవ్వులోళ్లకి ఒక గట్టి ఆచారం ఉంది. ఒకరి కాలు ఇంకొకరి కాలికి తగలకూడదు. తగిలిందా, బాగా వంగి "తప్పయింది" అనాలి. జిడ్డప్ప పొద్దస్తమానం వంగుతూనే ఉండేవాడు.

"ఒక్క పూటన్నా తిన్నగా నిలబడరా!" అని వెన్నమ్మత్త కసిరేది. ఆచారం విషయంలో అందరికీ ఆవిడ మాటే మాట.

"అదొస్తే నేను జిడ్డప్పనెందుకవుతానత్తా?"

ఒకరోజు వాళ్ల మధ్యకి ఒక నలుసు కొట్టుకొచ్చింది. వెచ్చగా, మెత్తగా, మిణుకుమిణుకుమంటోంది. లోకంలో అదే మొట్టమొదటి ప్రాణం. పాపం, ఒంటి మీద తోలన్నది లేదు. అల తాకినప్పుడల్లా కాస్త కాస్త కరిగిపోతోంది.

"మావా, నన్ను పట్టుకోవా? పెద్ద అల ఒక్కటొస్తే నేనుండను," అంది జిడ్డప్పతో.

సముద్రం పకపకా నవ్వింది. "ఒరే జిడ్డప్పా, తడిస్తే ఏడ్చే కాళ్లేసుకుని నువ్వేం పట్టుకుంటావురా? ఇదిగో, పోటు మీద వస్తున్నా. నలుసు నాది!"

జిడ్డప్పకి రోషం పొడుచుకొచ్చింది. "రండర్రా, గోడ కడదాం!" అని కేకేశాడు.

అందరూ నీళ్లలోకి దిగారు. తలలు సముద్రం వైపు, కాళ్లు నలుసు వైపు పెట్టి ఒక వరసలో నిలబడ్డారు. నలుసు వైపూ నీళ్లే కదా! కాళ్లు జిల్లుమన్నాయి. "అమ్మో!" అంటూ గోడంతా పరుగు.

"రెండు వరసలు కడదాం," అన్నాడు జిడ్డప్ప. "ఒక వరస తలలు అటు, ఇంకో వరస తలలు ఇటు. కాళ్లన్నీ మధ్యలో."

"మధ్యలో జానెడు ఎడముంచండి!" అంది వెన్నమ్మత్త. "కాలికి కాలు తగిలిందో, ఊరుకోను!"

అలాగే ఉంచారు. ఆ జానెడు సందులోంచి నీళ్లు జలజలా వచ్చేశాయి. నలుసు వెలుగు సగమైంది. ఇంతలో తాటిచెట్టంత అల లేచింది.

కాళ్లు దాచుకునే చోటు లేక, జిడ్డప్ప ఎదురుగా ఉన్న వెన్నమ్మత్త కాళ్లకి తన కాళ్లు గట్టిగా ఆనించేశాడు. మరుక్షణం నాలిక్కరుచుకున్నాడు. "తప్పయిందత్తా!" అని వంగబోయాడు.

"వంగావంటే చంపుతా!" అని అరిచింది వెన్నమ్మత్త. "ఒరే, నా కాళ్లు తడవట్లేదురా! ఏమర్రా, చూస్తారేం? ఆచారాన్ని తర్వాత చూసుకుందాం. ఆనించండి కాళ్లు!"

టపటపా అన్ని కాళ్లూ కలిసిపోయాయి. సందు మూసుకుపోయింది.

"మరి మా సంగతో?" అని గోడ చివర్నుంచి ఏడుపు వినిపించింది. ఆముదాలనే పిల్ల. "ఇటు పక్క మాకెవరూ లేరు, కాళ్లు నానిపోతున్నాయి!"

"అయితే చివరే లేకుండా చేద్దాం! వంచండి గోడని!" అన్నాడు జిడ్డప్ప.

గోడ వంగింది, నలుసు చుట్టూ తిరిగింది. ఈ చివర ఆ చివరని పట్టేసుకుంది. బంతిలా గుండ్రంగా అయిపోయింది.

అల విరుచుకుపడింది. బంతి సొట్టపడింది, దొర్లింది, మళ్లీ ఉబ్బింది. సముద్రం నూరుసార్లు కొట్టింది. నూరుసార్లూ బంతి తేలింది. లోపల నలుసు ధగధగా వెలిగింది. "మావా, నేనున్నాను!"

"ఉన్నావే తల్లీ, ఉన్నావు!" అని కొవ్వులోళ్లంతా ఈలలేశారు.

సముద్రం దిగొచ్చింది. "ఇక నన్ను రానివ్వరా?"

"నీళ్లు చుక్క చుక్కగా రావచ్చు," అన్నాడు జిడ్డప్ప దర్జాగా. "ఉప్పూ, పంచదారా మాత్రం వాకిలి దగ్గర అడిగి రావాలి."

అప్పటినుంచే చీమలోనూ, ఏనుగులోనూ, వేపాకులోనూ, మీ చిటికెన వేలిలోనూ కంటికి ఆనని చిన్న చిన్న గదులున్నాయి. వాటినే కణాలంటారు. ప్రతి కణం చుట్టూ రెండు వరసల కొవ్వు గోడ, తలలు నీళ్లవైపు, కాళ్లు మధ్యలో పొడిగా. ఎక్కడైనా చిన్న చిల్లు పడిందో, ఇటువాళ్లూ అటువాళ్లూ గబుక్కున జరిగి పూడ్చేస్తారు. లోపలి ప్రాణం లోపల చల్లగా ఉంటుంది.