మూలసిరి అడిగిన మాట

చెప్పేవాళ్ళు చెప్పగా, వినేవాళ్ళు వినగా, నా దాకా వచ్చిన మాట ఇది. ఎన్నేళ్ళ కిందటిదో అడగొద్దు. ఓడకు గాలి తప్ప వేరే దిక్కులేని కాలం.

కృష్ణ ఒడ్డున ఒక రేవు. రేవుకు ఎగువన ఒక గుట్ట. గుట్ట మీద బుద్ధుడి ధర్మం చెప్పే భిక్షువుల ఆరామం. ఆ రేవులో మూలసిరి అనే ఆవిడ పేలాలు వేయించి అమ్ముకునేది. మంగలంలో ఇసుక కాగబెట్టి, గుప్పెడు వడ్లు పోసి, పుల్లల కట్టతో తిప్పేది. అవి చిటపటమని తెల్లగా విచ్చుకునేవి.

మొగుడు ఓడెక్కి పోయి తిరిగి రాలేదు. పుట్టిన ఒక్క పిల్లా మూడో నెలలోనే పోయింది. ఇక ఆమెకు మిగిలింది ఒక అన్న, ఒక చెల్లెలు. అన్న ధమ్మిలుడు గుట్టెక్కి భిక్షువయ్యాడు. గొప్ప చదువరి. చెల్లెలు ఉత్తర కూడా కాషాయం కట్టింది. ఆకులూ వేళ్ళూ నూరి మందులిచ్చేది. మూలసిరికి చదువు రాదు, మందు రాదు.

సముద్రం అవతల ఒక దీవి ఉంది. అక్కడ ధర్మం చెప్పి రమ్మని ఆరామం వాళ్ళు ఒక భిక్షువును పంపారు. ఇంటి మీద బెంగతో తిరిగొచ్చేశాడు. రెండో ఆయన్ని పంపారు. ఆయనా తిరిగొచ్చేశాడు. మూడోసారి పెద్ద భిక్షువు బాగా ఆలోచించాడు.

"ఈసారి ఒక్క ఇంటివాళ్ళను పంపుదాం. ఒకరికొకరే ఇల్లవుతారు. ధమ్మిలుడు, ఉత్తర, వాళ్ళ తోబుట్టువు మూలసిరి. ముగ్గురూ వెళ్ళాలి."

మూలసిరి మసి చేతులతోనే గుట్టెక్కింది.

"అయ్యా, వాళ్ళిద్దరంటే సరే. నాకు సూత్రం ముక్క రాదు. నేనెందుకు?"

"ఎందుకో నాకూ తెలియదమ్మా. వెళ్తావా?"

మూలసిరి కాసేపు కిందికి రేవు వైపు చూసింది. "వెళ్తాను," అంది.

రెండు బస్తాల వడ్లు, ఒక మంగలం కట్టుకుని ఓడెక్కింది. ఓడ వాళ్ళను దీవిలో దింపింది. గాలి తిరిగాక వచ్చి చూసిపోతానని చెప్పి వెళ్ళిపోయింది.

ధమ్మిలుడు ఒడ్డున కూర్చుని ధర్మం చెప్పడం మొదలుపెట్టాడు. మొదటి రోజు ఊరంతా వచ్చింది. రెండో రోజు సగం ఊరు వచ్చింది. మూడో రోజు రెండు కుక్కలొచ్చాయి. ఆయన భాష వాళ్ళకు తెలియదు, వాళ్ళ భాష ఆయనకు తెలియదు.

అంతటితో ఆగినా బాగుండేది. నిమా అనే ఒక తల్లి, ఒళ్ళంతా పొక్కులతో ఉన్న పసిబిడ్డను ఉత్తర దగ్గరికి తెచ్చింది. ఉత్తర ఆకు నూరి ఇచ్చి, "ఒంటికి రాయమ్మా," అంది. చేతులతో చూపించింది కూడా. ఆ తల్లికి ఏమర్థమైందో, ఇంటికి పోయి అది బిడ్డకు తాగించింది. బిడ్డ దక్కలేదు.

ఊరి పెద్ద కర్ర పట్టుకుని వచ్చాడు. ముందు ఆకాశం వైపు చూపించాడు, తర్వాత సముద్రం వైపు, తర్వాత వాళ్ళ ముగ్గురి వైపు. ఆ మాట మాత్రం భాష రాకపోయినా అర్థమైంది. గాలి తిరిగి ఓడ రాగానే ఎక్కి పోవాలి.

ఉత్తర మందుల సంచి మూలన పడేసి ఏడ్చింది. ధమ్మిలుడు తాళపత్రాలు మూట కట్టేశాడు. "మన వల్ల కాదమ్మా," అన్నాడు.

కాషాయం కట్టినవాణ్ణి 'అన్నా' అని పిలవకూడదు. మూలసిరికి ఇంకోలా పిలవడం చేతకాలేదు.

"గాలి తిరగలేదుగా ఇంకా, అన్నా," అంది.

మర్నాడు పొద్దున్నే ఒడ్డున మూడు రాళ్ళు పెట్టి, మంగలం ఎక్కించింది. చిటపట విని ఆడపిల్లలు చేరారు. మూలసిరి గుప్పిట నిండా పేలాలు చూపి, ఇంకో చేత్తో సముద్రం చూపించి, "దీన్నేమంటారు?" అని అడిగింది.

పిల్లలు "లూ," అన్నారు. పేలాలు పెట్టింది.

చెట్టు చూపించింది. "దీన్నేమంటారు?" "లూ." ఆకాశం చూపించింది. "దీన్నేమంటారు?" "లూ."

"అన్నింటికీ ఒకటే మాటైతే తేలిగ్గానే వచ్చేస్తుంది," అనుకుంది మూలసిరి. నాలుగో రోజున ఒక పిల్ల ఆమె చూపుడువేలు పట్టుకుని ఊపి "లూ!" అంది. అప్పుడు తెలిసింది, లూ అంటే వేలని. మూలసిరి నడుం పట్టుకుని నవ్వింది. పిల్లలు నవ్వారు. వాళ్ళను పిలవడానికొచ్చిన తల్లులూ నవ్వారు. ఆ దీవిలో వాళ్ళ ముగ్గురితో కలిసి ఎవరైనా నవ్వడం అదే మొదలు.

అప్పటి నుంచి వేలు చూపడం మానేసింది. ఆ వస్తువునే చేత్తో పట్టుకుని అడిగేది. నీళ్ళు పట్టుకుని, దీన్నేమంటారు? చేప పట్టుకుని, దీన్నేమంటారు? వడ్లు అయిపోతే వాళ్ళ గింజలే తెచ్చుకుని వేయించింది. రోజంతా ఆ మాటలు గొణుక్కుంటూ తిరిగేది. సాయంత్రం అన్నకూ చెల్లికీ అప్పజెప్పేది.

"వంద మాటలొచ్చాయి. ఏం లాభం?" అన్నాడు ధమ్మిలుడు. "దుఃఖమనే మాట చెప్పు. చేత్తో ఎలా పట్టుకుంటావు?"

మూలసిరి మంగలంలోని ఇసుక వంపింది. "గాలి తిరగలేదుగా ఇంకా," అంది.

ఆ మాట ఎవరి దగ్గరుందో ఆమెకు తెలుసు. నిమా ఇంటికి వెళ్ళింది. మొదటి రోజు నిమా తలుపేసుకుంది. రెండో రోజు పొయ్యిలో బూడిద తెచ్చి ఆమె మొహాన కొట్టింది. మూలసిరి బూడిద తుడుచుకోలేదు. మూడో రోజు వెళ్ళి గడపలో కూర్చుంది. పొద్దు నడినెత్తికొచ్చింది. నిమా బయటికొచ్చింది.

మూలసిరి తనకొచ్చిన మాటలన్నీ వెతుక్కుంది. "నాకు. పిల్ల. చిన్నది," అంది వాళ్ళ భాషలో. రెండు చేతులూ ఒళ్ళో పిల్లను పట్టుకున్నట్టు పెట్టింది. "లేదు."

నిమా ఆ ఖాళీ చేతుల వైపు చూసింది. పక్కన కూలబడింది. ఇద్దరూ ఏడ్చారు. కొంతసేపటికి మూలసిరి తన చెంప మీది తడిని వేలితో తీసి, "దీన్నేమంటారు?" అంది.

నిమా తల అడ్డంగా ఊపింది. తడి కాదన్నట్టు తన గుండె మీద చెయ్యి వేసుకుంది. "మెరు," అంది.

ఆ రోజు నుంచి చేత్తో పట్టుకోలేని మాటలన్నీ నిమాయే నేర్పింది.

గాలి తిరిగింది. ఓడ వచ్చింది. ఊరి పెద్ద కర్రతో ఒడ్డున నిలబడ్డాడు. ఊరంతా వచ్చింది. "పద మూలసిరీ," అన్నాడు ధమ్మిలుడు.

"ఓడ ఇంకా తెరచాప ఎత్తలేదుగా," అంది మూలసిరి. "నువ్వు మొదటి రోజు చెప్పింది మళ్ళీ చెప్పన్నా. మెల్లగా చెప్పు."

ధమ్మిలుడు చెప్పాడు. పుట్టినవాళ్ళందరికీ దుఃఖముందన్నాడు. దానికి కారణముందన్నాడు. అది పోయే దారీ ఉందన్నాడు. మూలసిరి ఆ ఊరి భాషలో అంది:

"మెరు. ప్రతి ఇంట్లో మెరు. ఊరికే రాదు. పోయే దారి ఉంది. దూరం. మేము తోడు నడుస్తాం." తర్వాత ఉత్తర చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చింది. "బిడ్డ పోయింది. తప్పు మాదే. మాట రాక మందిచ్చాం. ఇక మాట వచ్చాకే మందు."

జనంలోంచి నిమా వచ్చింది. మూలసిరి నెత్తి మీది మంగలం దించి, తీసుకుపోయి, ఆ మూడు రాళ్ళ మీద పెట్టింది. ఊరి పెద్ద కర్ర కింద పెట్టాడు. ఓడ వాళ్ళను వదిలేసి వెళ్ళిపోయింది.

తర్వాత ఎన్నో గాలులు తిరిగాయి. ధమ్మిలుడు అక్కడే చెప్పీ చెప్పీ పోయాడు. ఉత్తర ఎందరో బిడ్డల్ని బతికించి పోయింది. మన ఓడలు వెళ్ళినప్పుడల్లా సరంగులు అడిగేవాళ్ళు, "అమ్మా, మన ఊరికి వస్తావా?" అని. "రేపు నిమా మనవరాలికి మాటలు మొదలుపెట్టాలి నాయనా," అనేది ముసలి మూలసిరి. అక్కడే పోయింది. ఒడ్డునే ఆమెకు ఇసుక దిబ్బ పోశారు.

ఇప్పటికీ ఆ దీవికి ఏ దేశపు ఓడ వచ్చినా, దిగినవాణ్ణి ఎవరు నువ్వని గానీ, ఎందుకొచ్చావని గానీ ముందు అడగరట. ఇంట్లోంచి ఒకరు దోసిట్లో నీళ్ళు పట్టుకుని ఎదురొస్తారు. "దీన్నేమంటారు?" అంటారు. మన మాటే. అది ప్రశ్న అని కూడా వాళ్ళకు తెలియదు, ఎప్పుడో ఓడ దిగొచ్చిన ఒక పెద్దావిడ పేరనుకుంటారు. వచ్చినవాడు తన భాషలో నీళ్ళను ఏమంటాడో చెబుతాడు. వాళ్ళు ఆ మాటను మూడుసార్లు తప్పుల్లేకుండా పలికి, అప్పుడు తాగమంటారు.