కేకలు మాన్పించిన జంబయ్య

అనగనగా అని నేనంటాను, ఊఁ అని మీరనాలి. ఊఁ కొట్టేవారు లేకపోతే కథ మధ్యదారిలో నిలబడి వెనక్కి చూస్తుందని మా ఇంట్లో నమ్మకం. కనుక వింటున్నట్టు అప్పుడప్పుడు ఒక మాట వినిపిస్తూ ఉండండి.

అనగనగా నల్లమల అడవిలో, ఎండాకాలానికి ఇసుక తప్ప ఏమీ మిగలని ఒక వాగు ఒడ్డున, దుప్పుల మంద ఒకటి ఉండేది. ఆ మందలో గోరింట అనే ఆడదుప్పి ఉండేది. కిందటి ఏడు గోరింట తన తొలి కూనను చిరుతకు పోగొట్టుకుంది. ఆనాడు జోరున అకాలవాన కురుస్తోంది. చెట్టుమీది కొండముచ్చు గొంతు చించుకుని అరిచినా ఆ హోరులో వినబడలేదు. ఈ ఏడు మళ్లీ ఒక కూన పుట్టింది. దానికింకా కాళ్లు సరిగా నిలవవు. దాన్ని వానాకాలం దాకా బతికించుకోవడం తప్ప గోరింటకు ఈ లోకంలో మరో కోరిక లేదు.

వేసవిలో ఆ చుట్టుపక్కల నీళ్లుండేది ఒక్కచోటే. అటవీశాఖ వాళ్లు ట్యాంకరుతో నింపి వెళ్లే సిమెంటు తొట్టి అది. తొట్టి పక్కనే పెద్ద నల్లమద్ది చెట్టు, దానిమీద కొండముచ్చుల గుంపు, ఆ గుంపుకు పెద్దదిక్కు నల్లమూతి అవ్వ. దుప్పులకూ కొండముచ్చులకూ తాతలనాటి పొత్తు ఉంది. పైనున్నవాటికి చూపు ఎక్కువ, కింద ఉన్నవాటికి వాసన ఎక్కువ. చిరుత జాడ కనబడితే అవ్వ ‘ఖక్’ అని కేక వేసేది, కింద దుప్పులు పరుగెత్తేవి. గాలిలో చిరుత వాసన తగిలితే దుప్పులు కూసేవి, కొండముచ్చులు పైకొమ్మలకు ఎగబాకేవి. కొండముచ్చులు తిని పారేసిన తునికిపళ్లు దుప్పులు ఏరుకునేవి. ఎవరివల్ల ఎవరు బతుకుతున్నారో లెక్క తేల్చాలని ఎవరికీ తోచలేదు.

తోచినవాడు జంబయ్య. ఆయన గుంటనక్క. వేటాడే ఓపిక లేదు, చిరుత తిని వదిలినదానితో కడుపు నింపుకునే జీవితం. ఆ ఎండాకాలం నీళ్లు ఒక్కచోటే ఉండడంతో కళ్లన్నీ అక్కడే ఉండేవి. చిరుత అడుగు కదిపితే చాలు, చెట్టుమీద కేక లేచేది. చిరుతకు వేట దొరకలేదు. చిరుతకు దొరకనప్పుడు జంబయ్యకు మిగిలేదేముంది? పక్కటెముకలు బయటపడ్డాయి.

ఆకలికి తాళలేక జంబయ్య అటవీశాఖ మకాం వెనక చేరి, వాళ్లు పారబోసిన సంకటి ముద్దలు నాకసాగాడు. మకాంలోని మనుషులు పాపం ఎండనకా వాననకా తిరిగేవాళ్లు, అడుగుజాడలు కొలిచేవాళ్లు, చెట్లకు కెమెరాలు కట్టేవాళ్లు, ఏ జంతువు ఎక్కడ తిరుగుతోందో తెలుసుకోవడానికి చెప్పులు అరగదీసేవాళ్లు. వాళ్ల నుండి జంబయ్య నేర్చుకున్నది మాత్రం మాటలే. సర్వే, పరిశీలన, నిర్వహణ, సమతుల్యం. ఆ నాలుగు మాటలు నోట కరచుకుని, వాళ్లు చెట్లకు గుర్తుగా కట్టే ఎర్రరిబ్బను ముక్క ఒకటి మెడకు తగిలించుకుని, ఒకనాటి ఉదయం తొట్టి దగ్గరికి వచ్చాడు.

ఈ అడవిలోని ప్రాణుల మంచిచెడ్డలను పరిశీలించి సరిదిద్దే భారం ఇకమీదట తనదని ప్రకటించాడు. ఎవరు అప్పగించారని మందపెద్ద కొమ్ములయ్య అడిగాడు. జంబయ్య మెడలోని రిబ్బనును కాలితో సవరించుకున్నాడు. అంతకన్నా రుజువు ఏం కావాలో కొమ్ములయ్యకు తెలియలేదు. ఆ క్షణం నుండి జంబయ్య జంబయ్యగారు అయ్యాడు.

తొట్టికి ఎగువన ఉన్న బండమీద కూర్చుని ఆయన పరిశీలన సాగించాడు. సగం మూసిన కళ్లతో, పూర్తిగా మూసిన కళ్లతో కొన్నాళ్లు చూశాక, మందను పిలిపించి తేలిన సత్యం వినిపించాడు. కొండముచ్చులు అరిచిన ప్రతిసారీ తాను గమనించాననీ, ఆ అరుపు తరువాత ఒక్క దుప్పి కూడా చావలేదనీ చెప్పాడు.

“అరుపు తరువాత ఎవరైనా చస్తే అది హెచ్చరిక. ఎవరూ చావకపోతే అది ఉత్త బెదిరింపు. ఇంతకాలం మిమ్మల్ని బెదిరిస్తున్నారు.”

ఈ బెదురువల్ల తల్లుల పాలు ఇంకిపోతున్నాయనీ, నీళ్లు సగంలో వదిలి పరుగెత్తడంవల్ల మంద చిక్కిపోతోందనీ, పరుగులో కొమ్ములు కంపల్లో తగులుకుని వాటి అందం చెడుతోందనీ వివరించాడు. చివరి మాట దగ్గర కొమ్ములయ్య తల పంకించాడు. ఆయనకు తన కొమ్ములంటే ప్రాణం.

గోరింట ముందుకు వచ్చింది. “అయ్యా, కేక విని పరుగెత్తాము కాబట్టే చావలేదేమో.”

జంబయ్య దయగా నవ్వాడు. “నీకు పిల్లమీద ప్రేమమ్మా, నాకు సత్యంమీద ప్రేమ. ఈ రెండూ ఒకచోట ఇమడవు.”

మంద కూడా నవ్వింది. గొప్పవాళ్లు నవ్వినప్పుడు తామూ నవ్వితే గొప్పతనంలో వాటా దొరుకుతుందని మందలకు ఒక ఆశ. ఆ పూటే కొమ్ములయ్య చెట్టు కిందికి వెళ్లి, ఇకమీదట అరవవద్దని నల్లమూతి అవ్వతో చెప్పివచ్చాడు.

మరునాడు అలవాటు చొప్పున అవ్వ నోట కేక వచ్చేసింది. దుప్పులు ఒకదాని ముఖం ఒకటి చూసుకుని, సిగ్గుపడి, పరుగెత్తకుండా నిలబడ్డాయి. చిరుత ఇంకా వాగుకు అవతలే ఉండడంవల్ల ఆనాటికి గండం గడిచింది. మాట తప్పినందుకు మంద అంతా అవ్వను తిట్టిపోసింది. గోరింట మాత్రం తిట్టలేదు, ఎందుకంటే కూన ఉన్న తల్లి అన్ని వైపులా చూస్తుంది, బండవైపు కూడా చూసింది. బండమీద జంబయ్య లేడు. మంద సద్దుమణిగాక తొట్టికి దగ్గరి పుట్టపక్కనున్న తన బొరియలోనుండి దుమ్ము దులుపుకుంటూ వచ్చాడు. భూమి లోపలి నుండి పరిశీలిస్తే మరింత స్పష్టంగా ఉంటుందని చెప్పుకున్నాడు.

ఆపైన అవ్వ నోరు విప్పలేదు. వాగు ఒడ్డు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దాన్ని మంద ప్రశాంతత అనుకుంది.

కొన్నాళ్లకు, ఎండ వాలుతున్న వేళ, నీళ్లు తాగుతున్న కూనల్లో ఒకదాన్ని చిరుత ఎత్తుకుపోయింది. ఒక్క కేక లేదు. దాని తల్లి నిండిన పొదుగుతో తొట్టి చుట్టూ తిరుగుతూ తెల్లవారేదాకా పిలిచింది.

పొద్దున్నే జంబయ్య వచ్చాడు. పక్కటెముకలు కనబడడం లేదు. నడకలో బరువు వచ్చింది. ఆ కూన పుట్టుకతోనే బలహీనమైనదనీ, చిరుత చేసినది వేట కాదు సమతుల్యమనీ సెలవిచ్చాడు. సమతుల్యం, సమతుల్యం అని కొమ్ములయ్య పక్కనున్నవాటికి చెప్పాడు. అర్థం కాని మాట కనుక గట్టిగా చెప్పాడు. జంబయ్య తన పక్కనుండి వెళుతున్నప్పుడు గోరింట ముట్టె ఎత్తి వాసన చూసింది. రిబ్బను ఎరుపు కాబట్టి మరక తెలియలేదు. పాలుతాగే కూన వాసన మాత్రం ఆ రిబ్బనునుండి స్పష్టంగా తగిలింది.

గోరింట ఆ సంగతి మందలో అనలేదు. అంటే మళ్లీ నవ్వుతారు. నేరుగా నల్లమద్ది కిందికి వెళ్లింది.

“అవ్వా, నోరు మూసుకుని ఎలా కూర్చుంటున్నావు?”

అవ్వ కొమ్మమీద ముందుకు జరిగింది. “నాలుకమీద నిప్పు పెట్టుకుని కూర్చున్నట్టుంది బిడ్డా. నిన్న కొమ్మ కొరికాను, చూడు. కేక వేద్దునా అంటే, మీవాళ్లు పరుగెత్తడం మాని నన్ను తిట్టడానికి నిలబడతారు. అది చిరుతకు ఇంకా సులువు.”

“కేక వద్దు. నువ్వు మూసిన నోరు మూసే ఉంచు. చూడడం మాత్రం మానకు.”

“చూసి?”

“చూస్తున్నట్టు జంబయ్యగారికి కనబడేలా చూడు, చాలు.”

అవ్వ కిందికి వంగి గోరింట ముఖం పరికించి, ఒక తునికిపండు జారవిడిచింది. ఒప్పుకున్నానని చెప్పడం ఆమెకు అదే.

మధ్యాహ్నం గోరింట మంద నడుమకు వచ్చి, జంబయ్యకు తల వంచి విన్నవించుకుంది. పిల్లలకు బెదురు ఇంకా పూర్తిగా పోలేదనీ, బెదురు తీర్చిన మహానుభావుడే ఒంటరిగా తొట్టి అంచున నిలబడి నింపాదిగా నీళ్లు తాగి చూపిస్తే, మంద అంతా ఎదుటి మిట్టమీద బయలులో నిలబడి చూసి నేర్చుకుంటుందనీ కోరింది. ఎంత చక్కటి ఆలోచన అని కొమ్ములయ్య మెచ్చుకున్నాడు. జంబయ్య ఒకసారి తన బొరియవైపు చూశాడు, ఒకసారి తనవైపే చూస్తున్న కళ్లవైపు చూశాడు. పొగడ్త ముందు భయాన్ని ఒప్పుకోవడానికి కావలసిన ధైర్యం ఆయన దగ్గర లేదు. సరేనన్నాడు.

ఎండ వాలింది. దుప్పులు దూరంగా మిట్టమీద వరుసకట్టాయి. గోరింట తన కూనను అందరికన్నా వెనక నిలిపింది. జంబయ్య తొట్టి అంచున నిలబడి, మెడ నిక్కించి, ఒక గుటక వేశాడు. రెండో గుటకకు తల ఎత్తితే అవ్వ కనబడింది. అవ్వ ఆయనను చూడడం లేదు. ఆయన వెనకనున్న వెదురుపొదలవైపు కన్నార్పకుండా చూస్తోంది. రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది.

“ఏమిటవ్వా చూస్తున్నావు?” అన్నాడు జంబయ్య.

“ఏమీ లేదు నాయనా. పరిశీలిస్తున్నాను.”

“ఏమీ లేకపోతే అటే ఎందుకు చూస్తున్నావు?”

అవ్వ చూపు వెదురుపొదల నుండి మెల్లగా పుట్టవైపు జరిగింది. పుట్ట పక్కనే ఆయన బొరియ. జంబయ్య గొంతు తగ్గించాడు.

“చిరుతా?”

“అది చెప్పాలంటే నేను అరవాలి. అరవకూడదని తమరి తీర్పు.”

“మెల్లగా చెప్పు.”

“మెల్లగా చెప్పినా బెదిరింపు బెదిరింపే కదా నాయనా. ఇంకా ఎవరూ చావలేదు. ఎవరైనా చచ్చాక చెబుతాను, అప్పుడది హెచ్చరిక అవుతుంది.”

జంబయ్య మిట్టవైపు చూశాడు. ఆయన నేర్పినట్టే ఒక్క దుప్పీ కదలలేదు. అన్నీ చెవులు నిక్కించి, పాఠం వింటున్నంత శ్రద్ధగా ఆయననే చూస్తున్నాయి. ఎటు పరుగెత్తాలో ఆయనకు తోచలేదు. ఇన్నేళ్లూ అది చెప్పింది ఆ కేకే. వెనక ఎండుటాకు ఒకటి నలిగింది. ఆ చప్పుడుకు ఆయన సత్యమూ సర్వేలూ మరచిపోయి, కేక వెయ్యి ముసలిదానా, కేక వెయ్యి అని అవ్వను వేడుకుంటూ, తానే అడవి అదిరిపోయేలా ఊళ పెట్టాడు.

ఆ ఊళకు మిట్టమీది మంద ఒక్కసారిగా అవతలి వాలులోకి దిగిపోయింది. గోరింట కూన కూడా తడబడే కాళ్లతో, అయినా అందరికన్నా ముందుగా, దిగిపోయింది. పుట్ట వెనకనుండి చిరుత లేచింది. దుప్పులు అందనంత దూరం పోయాయని దానికి తెలిసిపోయింది. దగ్గరలో ఉన్నదీ, అరుస్తూ తన చోటు తానే చెబుతున్నదీ ఒక్కటే ప్రాణి. చిరుత దానితో సరిపెట్టుకుంది.

అరుపు తరువాత ఎవరైనా చస్తేనే అది నిజమైన హెచ్చరిక అని జంబయ్యగారే సూత్రం చెప్పారు. ఆ సూత్రం ప్రకారం ఆ వాగు ఒడ్డున అంతవరకు వినబడిన అరుపులన్నింటిలోనూ నిజమైనది ఆయన అరుపు ఒక్కటే. చిరుతకు ఆ మాంసం రుచించక సగం వదిలి వెళ్లింది. ఆ సగాన్ని ముట్టుకునేవారు లేకపోయారు. చిరుత వదిలినవి తినేవాడు ఆ అడవిలో ఆయనొక్కడే.

మర్నాడు కొమ్ములయ్య చెట్టు కిందికి వచ్చి, సమతుల్యం దృష్ట్యా కేకలు తిరిగి మొదలుపెట్టడం మంచిదని తాను మొదటినుండీ అంటూనే ఉన్నానని అవ్వతో చెప్పాడు. అవ్వ గురిచూసి ఆయన కొమ్ముమీద ఒక కుళ్లిన పండు పడేసింది. తొట్టి పక్కన ఎర్రరిబ్బను పడి ఉంది. కొమ్ములయ్య దాన్ని వాసన చూసి, తన కొమ్ములకు ఎలా ఉంటుందోనని కాసేపు ఆలోచించాడు. తల తిప్పితే గోరింట చూస్తోంది. ఆయన దగ్గి, నీళ్లు తాగడానికి వెళ్లాడు. పైనుండి ‘ఖక్’ మని కేక వచ్చింది. నీళ్లు తాగకుండానే అందరికన్నా ముందు పరుగెత్తాడు.

తప్పిపోయిన అపాయాన్ని అసలు లేని అపాయంగా చూపించేవాడు, ఆ అపాయానికి మేనమామ అయినా అయి ఉంటాడు, లేదా మూర్ఖుడైనా అయి ఉంటాడు.

ఈ కథ నాకు మొదట చెప్పింది మా అమ్మమ్మ, దోర్నాల గురవమ్మ.