పక్కింటి పొయ్యి

అనగా అనగా, సముద్రం ఒత్తిగిల్లి పడుకునే చోట ఒక ఊరుండేదట, చిన్నీ. దాని పేరు తెల్లమడులు. ఆ ఊరివాళ్ళు ఉప్పు పండించేవారు. ఎండాకాలంలో సముద్రపు నీళ్ళని మడుల్లోకి మళ్ళించేవారు. నీళ్ళు ఎండిపోతే ఉప్పు మిగిలేది. దూరం నుంచి చూస్తే మబ్బులు నేలమీదికి దిగి నిద్రపోతున్నట్టు ఉండేదట.

వానలు పడితే మాత్రం ఉప్పు కరిగిపోయేది. ఉప్పుతో పాటు పనీ కరిగిపోయేది. మూడు నెలలు చాలా ఇళ్ళల్లో గింజ ఉండేది కాదు.

అందుకని ఆ దేశపు రాజుగారు ఒక ఏర్పాటు చేశారు. ఊరివాళ్ళు ఎండల్లో కట్టిన ఉప్పు పన్నులోంచి కొంత తీసి, వానల్లో మూడు పడవల బియ్యం పంపేవారు. ఆ బియ్యం రేవు పక్కన పైడమ్మ కొట్లో దించేవారు.

పైడమ్మ కొట్టుకి ఒక చిన్న కిటికీ. దానికి నీలం తెర. తెర కిందనుంచి ఒక గిన్నె లోపలికి వచ్చేది. పైడమ్మ అందులో మానెడు బియ్యం పోసేది. గిన్నె వెళ్ళిపోయేది. ఎవరు వచ్చారని తను అడగదు. ఎవరు వచ్చారో పక్కవాళ్ళూ చూడరు. చేతుల్ని చూస్తే పైడమ్మకి అందరూ తెలుసు. కానీ ఎవరి పేరూ పలకదు. అది ఆ ఊరి పద్ధతి.

ఒక ఏడు కొత్త అధికారి వచ్చాడు. పేరు గవర్రాజు. చెడ్డవాడు కాదమ్మా. కళ్ళతో చూసిందే రాసేవాడు, అంతే. ఆకలిగా ఉన్నవాళ్ళు ఎవరో తెలియకుండా బియ్యం ఎలా పంపుతామన్నాడు. మూడు పడవలనీ నది మొగలోనే ఆపించి, తను ఊరికి బయల్దేరాడు.

అప్పుడు ఊరివాళ్ళు ఏం చేశారనుకున్నావు? రాజుగారి మనిషి మన గుమ్మంలోకి వస్తున్నాడు అనుకున్నారు. ఇళ్ళు అలికారు. తలలకి నూనె రాసుకున్నారు. పెట్టెల అడుగున దాచిన పెళ్ళిబట్టలు తీసి కట్టుకున్నారు. ఉన్న నాలుగు గింజలూ పోగుచేసి ఆయనకి పరమాన్నం వండారు. ఎలా ఉన్నారని ఆయన అడిగితే, మీ దయవల్ల ఏ లోటూ లేదని అందరూ ఒకే మాట చెప్పారు.

అబద్ధమా అంటావా? కాదే. ఇంటికొచ్చిన మనిషికి ఆకలి సంగతి చెప్పకూడదని వాళ్ళ మర్యాద.

గవర్రాజు పరమాన్నం తిన్నాడు. ఆ తర్వాత పైడమ్మ దగ్గరికి వెళ్ళి, తెర కింద వచ్చే చేతులు ఎవరెవరివో చెప్పమన్నాడు.

"పేర్లు చెబితే రేపు ఆ చేతులు రావు బాబూ," అంది పైడమ్మ.

ఆయన పుస్తకం తీసి, ఈ ఊళ్ళో ఆకలి కనబడలేదు అని రాసుకున్నాడు. ఒక పడవ వెనక్కి మళ్ళింది.

ఊరి చివర అప్పలస్వామి అనే ముసలాయన ఉండేవాడు. "తలకి రాసుకున్న నూనెకి పడవెడు బియ్యం ఖర్చయిందర్రా," అన్నాడు. అందరూ నవ్వారు. కానీ కొట్లో నిరుడు మిగిలిన బియ్యమే ఉంది. ఆ రోజు నుంచి పైడమ్మ మానెడికి బదులు అర మానెడు పోసింది.

వారం తర్వాత గవర్రాజు మళ్ళీ వచ్చాడు. ఈసారి రేవులో గొడుగు పాతించి, దాని కింద బల్ల వేయించాడు. లేనివాళ్ళు వచ్చి పేరు రాయించుకోండని దండోరా వేయించాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాడు. సన్నటి వాన పడింది. కొంగలు వచ్చి చూసి వెళ్ళాయి. మనుషులు మాత్రం రాలేదు. రెండో పడవా వెనక్కి మళ్ళింది. ఆ తర్వాత పైడమ్మ గుప్పెడు గుప్పెడు పోసింది. కొట్లో ఒక్క బస్తా మిగిలింది. వానలింకా రెండు నెలలున్నాయి.

మూడోసారి గవర్రాజు తెల్లవారుతూనే వచ్చాడు. మూడో పడవ సంగతి ఆ రోజు తేలిపోవాలి. ఊరంతా పొగమంచు. ఇళ్ళు నీళ్ళల్లో తేలుతున్నట్టున్నాయి. ఆయన తన అడుగులు తనకే కనబడకుండా నడుస్తున్నాడు.

అప్పుడు మంచులోంచి ఒకావిడ వచ్చింది. పేరు చిట్టెమ్మ. గొంతు బాగా తగ్గించి చెప్పింది.

"నాకేం లోటు లేదు బాబూ. మా పక్కింటి సన్యాసమ్మ పొయ్యి రాజేసి మూడు రోజులైంది."

చెప్పి మంచులో కలిసిపోయింది. ఆయన పక్కింటికి వెళ్ళాడు. సన్యాసమ్మ గుమ్మంలోనే ఉంది. తనకేం, నిక్షేపంలా ఉన్నానంది. ఆ చిట్టెమ్మే పిల్లలకి పెట్టి తను మంచినీళ్ళు తాగి పడుకుంటోంది, ముందు దాని సంగతి చూడండి బాబూ అంది.

గవర్రాజు రెండిళ్ళ మధ్యా అలా నిలబడిపోయాడు. ఇన్నాళ్ళూ తను అడిగిన ప్రశ్నే తప్పని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత ఆయన గుమ్మం గుమ్మం దగ్గరా ఆగాడు. ఎవరినీ నువ్వు తిన్నావా అని అడగలేదు. ఒక్కటే అడిగాడు.

"మీ పక్కింట్లో పొయ్యి వెలిగిందా?"

ఇంకేం, ఊరికి నోరొచ్చింది. ఒకరి గురించి ఒకరు చెప్పారు. పైడమ్మ గురించి ముగ్గురు చెప్పారు, తన వాటా గుప్పెడు కూడా ఇంకో గిన్నెలో పోసేస్తోందని. పుస్తకంలో ఒక వైపు పొయ్యి వెలగని ఇంటివాళ్ళ పేరు, ఎదురుగా చెప్పిన పొరుగువాళ్ళ పేరు రాసుకుంటూ పోయాడు గవర్రాజు.

చివరికి అప్పలస్వామి ఇల్లు వచ్చింది. అది ఊరికి దూరంగా, ఒంటరిగా ఇసకలో ఉంది. మీ పక్కన ఎవరుంటారని అడిగాడు గవర్రాజు.

"సముద్రం బాబూ," అన్నాడు ముసలాయన. "అది రోజూ ఏదో చెబుతూనే ఉంటుంది. మీకు వినబడుతుందో లేదో."

గవర్రాజు తల వంచి లోపలికి చూశాడు. పొయ్యి చల్లగా ఉంది. బూడిదలో పిల్లి ముడుచుకుని పడుకుంది. మంచి నిద్రలో ఉంది.

ఆయన పుస్తకం తెరిచి అప్పలస్వామి పేరు రాశాడు. ఎదురుగా, పొరుగువారు అన్నచోట, గవర్రాజు అని రాసుకున్నాడు.

ఆ పుస్తకం రాజుగారు చదివారు. మూడో రోజు మంచు విడింది. నది మొగలోంచి మూడు పడవలూ వరసగా వచ్చాయి, వెనక్కి మళ్ళినవి కూడా. ఆ సాయంత్రం తెల్లమడుల్లో ప్రతి ఇంటి కప్పు మీదా పొగ లేచింది. అన్ని పొగలూ పైకి వెళ్ళి ఒక్క మబ్బయ్యాయి. అప్పలస్వామి పిల్లి పొయ్యి మీద అలిగి, వేరే చోటు వెతుక్కుంది.

పడవలేమో రేవుకి,
పిల్లియేమో చూరుకి,
కథేమో కంచికి,
నిద్దరేమో కంటికి.