కుంటడానికి వీల్లేని కుందేలు

అనగనగా ఒక అడవిలో ఆదివారం అనేది ఒకటి ఉండేది. మిగతా అడవుల్లో అన్ని రోజులూ ఒకటే. ఈ అడవిలో మాత్రం ఆదివారం పొద్దున్నే జంతువులు ప్రార్థనకని మొహాలు కడుక్కునేవి. అడవిపంది కూడా కడుక్కునేది. అందుకే చుట్టుపక్కల వాళ్లకు ఆ సంఘమంటే కాస్త గౌరవం.

సంఘం నేరేడు చెట్టు కింద కూడేది. సంఘ కాపరి కొండముచ్చు తిమోతి అయ్యగారు. ఆయన ప్రసంగం మొదలుపెడితే కాయలు పండి రాలేవి గాని ప్రసంగం ముగిసేది కాదు. అయినా ఎవరూ లేచి వెళ్లేవారు కాదు. పళ్లు రాలుతున్నాయి గదా.

ప్రార్థన అయ్యాక అడవిలో ఎవరికి బాగా లేదో వాళ్ల దగ్గరికి అందరూ కలిసి వెళ్లేవారు. గడ్డో, దుంపలో పట్టుకెళ్లి పక్కన కూర్చునేవారు. "దేవుడు మనకిచ్చిన పని ఇదే," అనేవారు అయ్యగారు. ఆ ఒక్క సంగతి మాత్రం క్లుప్తంగా చెప్పేవారు.

ఒకసారి కుందేలు దీనమ్మ వెనక కాలు ఉచ్చులో పడింది. ఎలాగో తెంచుకుని వచ్చింది గాని కాలు వాచి గుమ్మడికాయ అయింది. సంఘమంతా వచ్చింది. అయ్యగారు ప్రార్థన చేశారు. సంఘపెద్ద అడవిపంది సంసోను వావిలాకు నూరి కట్టాడు. మిగతావాళ్లు బొరియ ముందు వంతులవారీగా కాపలా కూర్చున్నారు. ఆ అడవిలో రేచుకుక్కలు తిరిగేవి. వాటికి కుంటి కుందేలంటే మహా ప్రేమ.

వాపు తగ్గింది. దీనమ్మ తనంతట తాను నడిచి వచ్చి సాక్ష్యం చెప్పింది. "దేవుడు నన్ను చూశాడు. మీరూ చూశారు. నాకెవరూ లేరని అనిపించలేదు," అంది. అంతే. సాక్ష్యం అంత చిన్నగా ఉండడం సంసోనుకు నచ్చలేదు.

వాగు అవతల ఏదుపంది గురవయ్య ఉండేవాడు. దేన్నీ నమ్మేవాడు కాదు. వాన పడుతోందన్నా తడిసేదాకా నమ్మేవాడు కాదు. ఈ సంగతి విని, "కాలన్నాక వాస్తుంది, తర్వాత తగ్గుతుంది. దానికి దేవుడెందుకు? కాస్త ఓపిక చాలు," అన్నాడు.

ఆ మాట విన్నాక సంసోనుకు దుంపలు సయించలేదు. ఏ అడవిపందికైనా అలా జరగడం ఆ అడవిలో అదే మొదలు.

"అయ్యగారూ, మన దగ్గర ఋజువుంది," అన్నాడు. "నడుస్తూ కళ్ల ముందే తిరుగుతోంది. దాన్ని చూపిస్తే గురవయ్య నోరు మూతపడుతుంది. అడవంతా వచ్చి మన సంఘంలో కూర్చుంటుంది."

అయ్యగారికి మనసులో ఎక్కడో ఇబ్బందిగానే అనిపించింది. కానీ అడవంతా కూర్చుని తన ప్రసంగం వింటున్నట్టు కూడా అనిపించింది. "సరే," అన్నారు.

మొదటి సభ మద్దిచెట్ల దగ్గర పెట్టారు. దీనమ్మ చిన్న గంతు వేసింది. అందరూ స్తోత్రం అన్నారు. రెండో సభ గుట్ట మీద. అక్కడికి ఎక్కువమంది వచ్చారు కాబట్టి గంతు కూడా పెద్దది కావలసి వచ్చింది. దీనమ్మ వేసింది. కాలి లోపల ఏదో చిటుక్కుమంది.

ఈ సభల హడావిడిలో సంఘం ఎవరి దగ్గరికీ వెళ్లలేదు. ముసలి తాబేలుకు జ్వరం వచ్చింది, పోయింది. పలకరించిన వాళ్లు లేరు.

దీనమ్మ సంసోను దగ్గరికి వెళ్లింది.

"పెద్దయ్యా, కాలు సలుపుతోంది. కాస్త ప్రార్థన చేయించండి."

"ఏ కాలు?"

"ఆ కాలే."

సంసోను అటూ ఇటూ చూశాడు. "మెల్లగా మాట్లాడమ్మా. ఆ కాలు బాగైపోయింది గదా."

"బాగైంది. మళ్లీ సలుపుతోంది."

"అలా ఎలా సలుపుతుంది? రెండు సభల్లో చూపించాం. అదంతా సైతాను పెట్టే శోధన, పట్టించుకోకు. మరీ కుంటాలనిపిస్తే బొరియలో కుంటుకో తల్లీ. బయట మాత్రం వద్దు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని పట్టుబట్టేవాళ్లను మనం చూశాం. తాను పట్టిన కుందేలుకు నాలుగు కాళ్లూ బాగున్నాయని పట్టుబట్టింది మాత్రం ఈ సంఘమే.

దీనమ్మ బొరియలో ముడుచుకుని ఆలోచించింది. ఈ అడవిలో తలనొప్పి వచ్చిన నక్క కూడా ప్రార్థన అడగొచ్చు. తను మాత్రం అడగకూడదు, బాగైపోయింది కాబట్టి. మేతకు దూరం పోలేకపోతోంది. రేచుకుక్కల అరుపులు దగ్గర్లోనే వినిపిస్తున్నాయి. కాపలా కూర్చోవలసిన వాళ్లంతా మూడో సభకు పందిరి వేస్తున్నారు.

మూడో సభ వాగు ఒడ్డున. దీనమ్మ వాగు దూకాలి. దూకితే గురవయ్య నమ్ముతానన్నాడని సంసోను అందరికీ చెప్పాడు. గురవయ్య అన్నది "చూస్తాను" అని మాత్రమే. చూడడానికే వచ్చి, అవతలి ఒడ్డున ముళ్లు సర్దుకుని కూర్చున్నాడు.

ప్రసంగం అయ్యాక అయ్యగారు, "రా దీనమ్మా," అని పిలిచారు.

దీనమ్మ ఒడ్డుకు వచ్చి నీళ్ల వైపు చూసింది. దూకితే కాలు పోతుంది. కాలు పోయిన కుందేలు ఆ అడవిలో ఎన్నాళ్లో బతకదు. దూకకపోతే సంఘం పరువు పోతుంది. వాళ్లు తన పక్కన కూర్చున్నవాళ్లు. వాళ్లంటే దీనమ్మకు నిజంగానే ప్రేమ.

"నవ్వు, నవ్వు," అన్నాడు సంసోను వెనకనుంచి.

దీనమ్మ నవ్వలేదు. వెనక్కి తిరిగింది.

"అయ్యగారూ, నేను దూకలేను. కాలు నొప్పిగా ఉంది. నాకు ప్రార్థన చేయండి. ఎవరైనా వచ్చి బొరియ దగ్గర కూర్చోండి. నాకు భయంగా ఉంది."

సంసోను దాక్కోవడానికి చెట్టు కోసం చూశాడు. అంత లావు చెట్టు దొరకలేదు.

అయ్యగారు ప్రసంగం చెప్పిన బండ మీద నుంచి దిగారు. దీనమ్మ పక్కన నేల మీద కూర్చుని, ఆ కాలు ఒడిలోకి తీసుకున్నారు.

"ఇంత వాచిందే. ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పాను అయ్యగారూ. బాగైన కాలు నొప్పెట్టకూడదన్నారు."

అయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. ఆయన అంతసేపు మాట్లాడకపోవడం ఎన్నడూ చూడని సంఘానికి కంగారు పుట్టింది.

"దేవుడు నిన్ను మా చేతుల్లో పెట్టాడు తల్లీ," అన్నారు చివరికి. "చూసుకోమని పెట్టాడు. మేం నిన్ను ఊరేగించాం. మమ్మల్ని క్షమించు."

ఆయన ప్రసంగాలన్నిటిలో అదే చిన్నది. అందరికీ గుర్తున్నదీ అదొక్కటే.

దీనమ్మ సభ మధ్యలోనుంచే, అందరూ చూస్తుండగా, హాయిగా కుంటుకుంటూ ఇంటికి వెళ్లింది. సంఘం పందిరి విప్పి, ఆ కర్రలతో బొరియ చుట్టూ కంచె కట్టింది. సంసోను తల వంచుకుని వావిలాకు నూరాడు. పనిలో పనిగా కొందరు తాబేలును కూడా పలకరించి వచ్చారు. "ఏ జ్వరం గురించి అడుగుతున్నారు, పోయినదా, రాబోయేదా?" అంది తాబేలు.

పొద్దు వాలుతుండగా గురవయ్య వాగు దాటి వచ్చాడు. తిన్నగా వెళ్లి బొరియ ముందు కూర్చున్నాడు.

సంసోను ఆశగా దగ్గరికి చేరాడు. "నమ్మావా గురవయ్యా?"

"లేదు. రేచుకుక్కలకు నా ముళ్లంటే భయం. ఈ పూట నేనుంటాను. రేపు ఎవరి వంతు?"

సంసోను మొహం వెలిగిపోయింది. అయ్యగారి చెవి దగ్గరికి వంగి, "అయ్యగారూ, వచ్చే ఆదివారం ఈయన్ని కూడా ముందుకు పిలిచి, నాలుగు మాటలు..." అన్నాడు.

"సంసోనూ," అన్నారు అయ్యగారు, "గురవయ్య ఆకలిమీద ఉన్నట్టున్నాడు. వెళ్లి దుంపలు తవ్వుకురా నాయనా."

నీతి: దేవుడు చేసిన మేలును వాదంలో గెలవడానికి వాడుకుంటే, మేలు పొందినవాళ్లే నలిగిపోతారు. నొప్పి ఉన్నవాళ్ల పక్కన కూర్చోవడం సంఘం పని. నమ్మించే పని దేవుడు చూసుకుంటాడు.