కొండ దిగని జీపు

దగ్గరికి జరగండమ్మా, వెనకవాళ్ళకీ వినబడాలి. నరసింహస్వామి దయవల్ల గొంతు ఇంకా పలుకుతోంది.

గుండ్రేవు సంస్థానం రాజావారికి ఒకనాడు నిండుకొలువులో తిక్కరేగింది.

"దసరాకి కొన్న జీపు శివరాత్రికే మూలుగుతోంది! పాడుచేసిందెవరో ఇప్పుడే తేలాలి. తేలకపోతే డ్రైవరు ఎర్రన్నకు రేపట్నించి మన ఉప్పు లేదు!"

గుమ్మం దగ్గర ఎర్రన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంటినిండా పిల్లలున్నవాడు పాపం.

మోటారుఖానా పెత్తందారు జగ్గరాజు మీసం దువ్వాడు. రాజావారికి స్వయానా బావగారు. వేటకని ఆ జీపును వాగుల్లో ముంచి, బండరాళ్ళ మీద ఎగిరించింది ఆయనే. ఎర్రన్నను దింపేసి మరీ తోలేవాడు. ఊరందరికీ తెలుసు, రాజావారికి తప్ప. రాజులకు అన్నీ తెలిస్తే విదూషకుడికి అన్నం ఎవరు పెడతారు?

"నాలుగు చక్రాలూ లాగే బండికి రాళ్ళొక లెక్కా ప్రభూ? గట్టు మీంచి దూకించినా చెక్కు చెదరదు. ఇనుముకు నొప్పులుంటాయా? బండి భేషుగ్గా ఉంది. తోలడం వీడికే చేతకాదు!" అన్నాడు జగ్గరాజు.

రాజావారు తలూపారు. ఎర్రన్న మొహం పాలిపోయింది.

అప్పుడు లేచాడండీ, విదూషకుడు సింగరయ్య.

"జగ్గరాజుగారి మాట అక్షరాలా నిజం ప్రభూ! అంత గట్టి బండి ఉండగా ఈ ఏడు తిరునాళ్ళలో నరసింహస్వామి కొండ దిగడానికి రథమెందుకు? జీపులోనే దింపుదాం. వారే తోలుతారు."

"మహాభాగ్యం!" జగ్గరాజు పొంగిపోయాడు.

"కాకపోతే మన రివాజు ఒకటుందిగా. రథం బాగుందని చెప్పిన వడ్రంగి ముందు తన పెళ్ళాంబిడ్డల్ని ఎక్కించి కొండ దించాలి. ఆ తర్వాతే స్వామి ఎక్కేది. బండి బాగుందన్నది తమరేగా! తమ ఇంట్లో అమ్మగారికి ఇప్పుడే కబురంపుతాను. పిల్లల్ని ముస్తాబు చేస్తారు."

నీళ్ళు చల్లిన పాలలా జగ్గరాజు పొంగు చప్పున దిగిపోయింది.

"వద్దొద్దు! ఆ బండిలో నా పిల్లలా? బ్రేకుల్లో వాగుబురద పట్టింది, తొక్కినా ఆగదు. కుదుపులు ఆపే కమాను పట్టీలు విరిగాయి. స్టీరింగు కడ్డీ వంగింది, మలుపు తిప్పితే లోయవైపు పోతుంది!"

"కడ్డీ వంగిందని తమకెలా తెలిసింది?" సింగరయ్య అందుకున్నాడు.

"గట్టు మీంచి దూకించినప్పుడు టంగుమని..." జగ్గరాజు నాలుక్కరుచుకున్నాడు.

సింగరయ్య వినయంగా వంగి అడిగాడు:

"తమ పిల్లలు ఎక్కకూడని బండిలో నిన్నటిదాకా మన రాజావారిని ఎక్కనిచ్చారా బాబూ?"

రాజావారు నడుం పట్టుకుని విరగబడి నవ్వారు.

"ఓరి బావా! నెలనుంచీ వైద్యుడు నా నడుముకి తైలం రాస్తున్నాడు. రాయాల్సింది నీ వీపుకా!"

కొలువంతా ఘొల్లుమంది. జీపు తాళం ఎర్రన్న చేతికి, రాజావారి శాలువా సింగరయ్య భుజానికి చేరాయి. బావగారికి మాత్రం వేటకు కాలినడకే ఖాయమైంది!