తస్నీమ్ చెప్పిన మాట

తన గ్రంథాలయంలోకి చెడు అడుగుపెట్టలేదని యాసీన్‌కు గర్వం.

అతను సూఫీ గురువు కరీముల్లా షా శిష్యుడు. గురువుగారు నడిపే బడిలో గ్రంథాలయానికి కంప్యూటర్లు వచ్చినప్పుడు, వాటి బాధ్యత అతనికే అప్పగించారు. పిల్లలు చూడకూడనివి తెర మీదికి రాకుండా యాసీన్ ఓపిగ్గా ఏర్పాటంతా చేశాడు. అంతటితో ఊరుకోలేదు. ఎవరి తెర మీదైనా చెడ్డ బొమ్మ కనిపిస్తే వాళ్లను మళ్లీ లోపలికి రానివ్వనని అందరికీ చెప్పాడు.

ఆ తర్వాత ఏ తప్పూ అతని దాకా రాలేదు. ఆ సంగతి గురువుగారికి చెప్పి మెప్పు కోసం ఎదురుచూశాడు. ఆయన తల ఊపారంతే.

ఒక మధ్యాహ్నం అతను గురువుగారి గదిలో ఉండగా ఆరో తరగతి చదివే తస్నీమ్ వచ్చింది. యాసీన్‌ను చూసి వెనక్కి తిరగబోయింది. గురువుగారు పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

చీమల పాఠం కోసం వెతుకుతుంటే ఏదో ఆట పేజీ తెరుచుకుందట. అందులో చూడలేని బొమ్మలు వచ్చాయట. వెంటనే తెర ఆపేసి వచ్చానంది.

యాసీన్ ముఖం ఎర్రబడింది. ఏం నొక్కావని గద్దించాడు. అలాంటివి రావడానికి వీల్లేదన్నాడు.

"నేను వెతకలేదు సార్, అదే వచ్చింది," అంది తస్నీమ్. "నా పక్కన చిన్నపిల్లలు కూర్చుంటారు. అందుకే చెబుతున్నా."

గురువుగారు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని గ్రంథాలయానికి నడిచారు. యాసీన్ వెనకే వెళ్లాడు.

పిల్లలంతా లేచి నిలబడ్డారు. గురువుగారు తన భుజం మీది పచ్చ శాలువా తీసి తస్నీమ్‌కు కప్పారు. అది ఆయనకు తన గురువు ఇచ్చినది. ఏదో ఒక రోజు తనకు దక్కుతుందని యాసీన్ ఆశపడుతున్న శాలువా అది.

"ఈ పిల్ల భయపడింది. అయినా దాచకుండా వచ్చి చెప్పింది," అన్నారు గురువుగారు. "నాకు గర్వంగా ఉంది."

శాలువా నేలకు జీరాడుతుంటే తస్నీమ్ రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నిటారుగా నిలబడింది.

తర్వాత వెనక వరసలోంచి ఒక పిల్లాడు తనకూ అలాంటివి కనిపించాయన్నాడు. కిటికీ పక్కనున్న దేవమణి కూడా నోరు విప్పింది. కంప్యూటర్‌లో ఎవరో పెద్దవాడు నీ ఫోటో పంపమని అడుగుతున్నాడని, చెబితే సార్ రానివ్వరని ఇన్నాళ్లూ దాచానని చెప్పింది.

యాసీన్ తల వంచుకున్నాడు. తన ఏర్పాటు తీసెయ్యమంటారా అని మెల్లగా అడిగాడు.

"ఉండనీ. ఇంకా గట్టిగా చెయ్యి," అన్నారు గురువుగారు. "కానీ దానికి చెవులు లేవు బేటా."

యాసీన్ దేవమణి దగ్గరికి వెళ్లి, ఆమె బల్ల పక్కన నేల మీద కూర్చున్నాడు.

"చెప్పు తల్లీ," అన్నాడు.